కల్లోల దేశములలో మోటారు పందెములు

మా పాఠశాల బాలురలో మోటారు పందెములయందు ఆసక్తి లేనివారు మిక్కిలి తక్కువ. ఏ కారు గంటకు ఎన్ని మైళ్లు పరుగిడునో, ఏ సారథి యెన్ని పందెములు గెలిచెనో, చక్రములు మార్చుటకు ఏ జట్టువారికి ఎన్ని క్షణములు పట్టునో వారు మాకంటె బాగుగ నెరుగుదురు. హైదరాబాదులో హుస్సేనుసాగరపు తీరమున 2023 ఫిబ్రవరి 11వ తేదిన విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము జరిగినది మొదలు ఈ యాసక్తి యింకను హెచ్చినది. దీనిని మేము తప్పు పట్టము. యంత్రమును ప్రేమించు బాలుడు గణితమును గూడ ప్రేమించునని మా యనుభవము.

అయితే యీ సంవత్సరము పై తరగతులవారు చర్చాసభకు విషయముగా నొక ప్రశ్నను గైకొనిరి: రాజకీయ కల్లోలమున నున్న దేశమునకు పోయి మోటారు పందెము నడుపుట న్యాయమా? చర్చ చక్కగనే సాగెను. తుదకు అధిక సంఖ్యాకులు, ఆట వేరు, రాజ్యము వేరు, ఆటగాండ్రకు రాజకీయములతో నేమి పనియని వోటు వేసిరి. మేమా వోటుతో ఏకీభవింపజాలము. సభాధ్యక్ష స్థానమున నుండి వాదించుట మర్యాద కాదు గావున ఆనాడు ఊరకుంటిమి. మా కారణములను ఈ సంచికలో విన్నవించుచున్నాము.

పందెము ఒక దేశమునకు వచ్చు విధమును ముందుగా తెలిసికొనవలెను. ఫార్ములా వన్ అను పేర ఏటేట ఇరువదికి పైగా పందెములు నానాదేశములలో జరుగుచున్నవి. పందెమును పిలిపించుకొను దేశమువారు నిర్వాహకులకు సాధారణముగ కోట్లకొలది డాలర్లు చెల్లింతురు. బాట వేయుటకును, మేడలు కట్టుటకును అయ్యెడి వ్యయము వేరు. చాలచోట్ల నీ సొమ్ము ప్రభుత్వపు బొక్కసమునుండియే వచ్చును. పెండ్లియింటివారు సొమ్ము ముట్టజెప్పి మేళగాండ్రను పిలిపించునది ఊరివారు వినుటకే గదా! అట్లే ప్రభుత్వములు ఈ పందెమును కొనునది లోకము చూచుటకే. తమ దేశము సుభిక్షముగను శాంతముగను ఉన్నదని కోట్లమంది యిండ్లలో బొమ్మ కనబడవలెను. ఇంతమాత్రమున దోషమని మేమనము. గాని యిట్టి బేరము కుదుర్చుకొనిన పిమ్మట ఆటకు రాజ్యముతో సంబంధము లేదనుట యెట్లు? సంబంధము ఆ బేరములోనే యున్నది.

బహ్రెయిను పర్షియను అఖాతమునందలి చిన్న ద్వీపరాజ్యము. మన తెలుగు జిల్లాలనుండి కూలికిని కొలువునకును పోయినవారు అచట ననేకులు గలరు. సఖీరు అను ఎడారి ప్రదేశమున బాట నిర్మించి, 2004 ఏప్రిలు 4వ తేదిన తొలి పందెమును జరిపిరి. మధ్యప్రాచ్యమున ఫార్ములా వన్ పందెము జరుగుట అదియే మొదలు. ఆ దేశపు రాజకుటుంబము సున్నీ శాఖకు చెందినది. పౌరులలో ఎక్కువమంది షియా శాఖవారు. 2011 ఫిబ్రవరి 14వ తేదిన, ప్రజలకు అధికారమున భాగము కావలెనని అచట ఆందోళన ఆరంభమయ్యెను. రాజధానియగు మనామాలోని ముత్యపు కూడలియందు జనులు గుడారములు వేసికొని కూర్చుండిరి. 17వ తేదిన తెల్లవారక మునుపే రక్షకభటులు నిద్రించుచున్నవారిపై బడిరి, నలుగురు మరణించిరి. మార్చి నెలలో పొరుగు దేశమగు సౌదీ అరేబియానుండి సైన్యము వచ్చెను. కూడలి నడుమ తెరచాపల నెత్తిన ముత్యము నిలిపినట్లు కట్టిన స్మారక కట్టడమును మార్చి 18వ తేదిన ప్రభుత్వమే పడగొట్టించెను. గాయపడినవారికి చికిత్స చేసిన వైద్యులును దాదులును గూడ చెరబట్టబడిరి. పందెపు బాటవద్ద పనిచేయువారిలో పలువురు ఆందోళనమును సమర్థించిరని బంధింపబడి కొలువులు పోగొట్టుకొనిరి.

ఇవి శత్రువులు కల్పించిన కథలు కావు. రాజు తానే నియమించిన విచారణ సంఘము, షెరీఫ్ బస్యూనీ యను న్యాయకోవిదుని అధ్యక్షతన, 2011 నవంబరు 23వ తేదిన నివేదిక సమర్పించెను. 35 మంది మరణించిరనియు, వారిలో ఐదుగురు ప్రభుత్వపు భటులనియు, చెరలో పెట్టబడినవారిని హింసించుట వాస్తవమనియు, ఆ హింసవలన ఐదుగురు ప్రాణములు విడిచిరనియు అందు చెప్పబడినది. ఇట్టి నివేదికను బయటపెట్టనిచ్చినందుకు ఆ రాజును మెచ్చుకొనవలసినదే. గాని నివేదిక యొకటి, నడవడి యొకటి.

ఆ యేటి పందెము 2011 మార్చి 13వ తేదిన జరుగవలసియుండెను. దానిని నిలిపినది మోటారు సమాఖ్యవారు కారు. ఫిబ్రవరి 21వ తేదిన ఆ దేశపు యువరాజే యిప్పుడు వలదని చెప్పెను. సమాఖ్యవారు చేసినదేమనగా, జూను 3వ తేదిన సభ చేసి, అక్టోబరు 30వ తేదిన పందెము జరుపుదమని తీర్మానించిరి! సారథులలో మార్కు వెబ్బరు అను ఆస్ట్రేలియా వాడొక్కడు బహిరంగముగ అభ్యంతరము చెప్పెను. తరువాత జట్లవారును మాకు వీలుపడదనిరి. ఆ తీర్మానము పది దినములైన నిలువలేదు.

మరుసటి యేడు పందెము జరిగెను. దేశమంతయు ఒక్కటియై పండుగ చేసికొనుచున్నదను అర్థముగల నినాదమును వ్రాసి ప్రకటనలు కట్టిరి. ఆ సమయమున అబ్దుల్‌హాదీ అల్‌ఖవాజా యను మానవహక్కుల సేవకుడు, యావజ్జీవ శిక్ష పడినవాడు, చెరలో నిరాహారదీక్షలో నుండెను. ఫిబ్రవరి 8వ తేదిన మొదలిడిన దీక్షను అతడు 110 దినములు సాగించెను. మన దేశస్థుని యాజమాన్యమున నున్న ఫోర్సు ఇండియా జట్టు పనివారి బండికి సమీపమున ఏప్రిలు 18వ తేది రాత్రి పెట్రోలు సీసా పేలెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ జట్టువారు చీకటి పడకముందే బసకు చేరవలెనని ఒక అభ్యాసపు పరుగును మానుకొనిరి. 21వ తేదిన షఖూరా గ్రామమున ఒక యింటి డాబాపై సలాహ్ అబ్బాస్ హబీబ్ అను నతని శవము కనబడెను. ముందటి రాత్రి అచట ఆందోళనకారులకును భటులకును పోరు జరిగియుండెను. శవముపై చిన్న గుండ్ల గాయము లుండెను. 22వ తేదిన పందెము జరిగెను. సెబాస్టియను వెట్టెలు గెలిచెను.

ఇందు మా మనస్సును మిక్కిలి కలచినది పెట్రోలు సీసా కాదు. ఆ వారమంతయు జట్లవారును, అధికారులును, పత్రికలవారిలో పెక్కురును విచారించిన ప్రశ్న యొక్కటే: మనకు అపాయము లేదు గదా? దారి భద్రముగ నున్నదా, బసవద్ద కావలి యున్నదా, విమానము వేళకు దొరకునా? ఇవి యడుగదగిన ప్రశ్నలే. పనివాని ప్రాణము కాపాడుట యజమాని ధర్మము. కాని యీ ప్రశ్నకు మంచి జవాబు దొరకినంతనే, రెండవ ప్రశ్న అడుగబడినట్లే వారు తృప్తిపడిరి. మన రాక కొరకు, మన భద్రత కొరకు, ఈ గ్రామములలో ఎవరి యిండ్ల చుట్టు ముండ్లతీగ వేయబడినది? ఆ ప్రశ్న వేరు. మొదటిదానికి ఎంత గొప్ప జవాబు వచ్చిన రెండవది అంత బరువెక్కును. అతిథికి నిశ్చింత కలిగించిన కావలియే గ్రామవాసికి చెర గావచ్చును గనుక.

పదేండ్లు గడచినను ఈ తీరు మారలేదు. 2022 మార్చి 12వ తేదిన సౌదీ అరేబియాలో ఒక్కదినముననే 81 మందికి మరణశిక్ష అమలు జరిపిరి. రెండు వారములు తిరుగకయే జెడ్డా నగరమునకు పందెపు జట్లు చేరెను. మార్చి 25వ తేదిన, కార్లు అభ్యాసపు పరుగులో నుండగా, యెమెను దేశపు హూతీలు ప్రయోగించిన అస్త్రము నగరమునందలి చమురు నిల్వలపై బడి పెద్ద మంట లేచెను. ఆ పొగ పందెపు బాటవద్దకు కనబడెను. సారథులు అర్ధరాత్రి దాటువరకు తర్కించుకొనిరి. తుదకు ఆడుటకే నిశ్చయమై 27వ తేదిన పందెము జరిగెను. ఆ 81 మందిని గూర్చి ఎవరును రాత్రి మేలుకొని తర్కించిన జాడ లేదు. మేమీ మాటను నిష్ఠురముగ వ్రాయుటలేదు. దగ్గరనున్న పొగ కన్నుల మండించును, దూరమునందలి సమాధి మండింపదు. మనుష్య స్వభావ మట్టిది.

రాజకీయములు మాకు పట్టవని సమాఖ్యవారు చెప్పుకొందురు. ఇది సంపూర్ణముగ నిజమా? 2006వ సంవత్సరమున ఇస్తాంబులు పందెములో గెలిచినవానికి బహుమానము నిచ్చుటకు, తుర్కీ తప్ప మరియే దేశమును గుర్తింపని ఉత్తర సైప్రసు ప్రభుత్వపు అధ్యక్షుని వేదికపై నిలిపిరి. దానికై సమాఖ్యవారు అచటి నిర్వాహకులకు 50 లక్షల డాలర్ల జరిమానా వేసిరి. అనగా వేదికపై ఎవరు నిలుచుండిన ఏ అర్థము వచ్చునో వారికి చక్కగ తెలియును. 2022 ఫిబ్రవరి 24వ తేదిన రష్యా సేనలు ఉక్రెయినుపై దండెత్తగా, మరునాడే సోచీ పందెము జరుపవీలు లేదని నిర్వాహకులు ప్రకటించిరి. మార్చి 3వ తేదికి ఒడంబడికయే రద్దయ్యెను. మంచి పనియే. కాని అదే సోచీలో తొలి పందెము 2014 అక్టోబరులో, అనగా రష్యావారు క్రిమియాను కలుపుకొనిన యేటనే, నిశ్చింతగ జరిగియుండెను. కనుక మాకు చేతకాదను మాట చెల్లదు; చేతనగును, ఇచ్ఛ వచ్చినప్పుడు. ఆ 2022 డిసెంబరులోనే, సారథులు ముందుగా అనుమతి పొందక రాజకీయ, మత విషయములను ప్రదర్శింపరాదని ఒక నిబంధన చేసిరి. పందెమును కొనిన ప్రభుత్వము మాత్రము తన రాజకీయమును బాట పొడవునను ప్రదర్శించుకొనవచ్చును!

ప్రభుత్వములకే కాదు, ప్రభుత్వములను ఎదిరించువారికిని పందెపు విలువ తెలియును. 1958 ఫిబ్రవరి 23వ తేదిన క్యూబా రాజధాని హవానాలో, మరునాడు పందెమనగా, అయిదు మారులు ప్రపంచ విజేత యగు ఫాంజియోను కాస్ట్రో పక్షమువారు హోటలునుండి పట్టుకొనిపోయిరి. నియంతయగు బటిస్టా, తన ప్రతిష్ఠకు భంగము కలుగరాదని, పందెమును నడిపించెను. ఒక కారు అదుపు తప్పి జనులలోనికి దూసికొనిపోయి పలువురిని చంపెను. పందెమైన పిదప ఫాంజియోను క్షేమముగ విడిచిపెట్టిరి. బటిస్టా మరుసటి సంవత్సరాది దినముననే దేశము విడిచి పారిపోయెను. కల్లోల దేశమున పందెపు బాట కూడ రణరంగములో నొక భాగమని ఇరుపక్షములవారును ఒప్పుకొనుచుండగా, కాదనువారు పందెగాండ్రు మాత్రమే.

చర్చాసభలో నొక బాలుడు, పందెము పోయినచోటికి లోకపు చూపు గూడ పోవును, చీకటిలో నున్నవారికి అదియే మేలు గదా యనెను. ఇది తెలివైన వాదము. సగము నిజము గూడ. 2012లో బహ్రెయిను ప్రజల మొర అనేక దేశములలో వినబడుటకు ఆ పందెమే కారణమని మే మొప్పుకొందుము. అయితే ఆ దేశపు ప్రభుత్వము చేసినదేమి? క్రీడావార్తలు వ్రాయువారిని రానిచ్చి, రాజకీయ విలేఖరులలో పలువురికి ప్రవేశము నిరాకరించెను. అనుమతి లేకయే పనిచేసిన బ్రిటిషు చానల్ ఫోర్ వార్తాబృందమును పందెమునాడే నిర్బంధించి దేశమునుండి పంపివేసెను. దీపమును తెచ్చితిమి, దానిపై కుండ బోర్లించిరి. దీపము తెచ్చినవారు ఆ కుండను తీయుమని యడుగవలదా?

ఇక అందరికంటె బలమైన ఆక్షేపణ మరియొకటి. దోషము లేని దేశమేది? ఇంగ్లండులో లేదా, అమెరికాలో లేదా, మన దేశమున లేదా? అన్ని చోట్లను మానినచో పందెమే యుండదు గదా! నిజమే. దేశములను తక్కెడలో తూచి పుణ్యపాపములు లెక్కించుట మోటారు సమాఖ్య పని కాదు. అందుచేత మేము సులభమైన పరీక్ష నొకదానిని సూచింతుము. ఈ పందెము మాకు వలదని ఆ దేశపు సామాన్యుడు వీధిలో నిలిచి చెప్పగలడా? చెప్పి, ఆ రాత్రి తన యింట నిద్రింపగలడా? ఇందు దేశపు చరిత్రయంతయు విచారింపబనిలేదు. పందెమువలన కలిగిన కీడును మాత్రము పందెమువారు విచారించిన జాలును.

2022 జూలై 3వ తేదిన ఇంగ్లండులోని సిల్వర్‌స్టోను పందెమున కొందరు ఆందోళనకారులు, చమురు త్రవ్వకము నాపవలెనని, కార్లు పరుగిడు బాటమీదికే వచ్చి కూర్చుండిరి. అది ప్రాణాపాయమైన పని. న్యాయస్థానమువారు బహిరంగముగ విచారించి 2023లో వారిని దోషులని తీర్చిరి. కాని తీర్పునాడు వారిలో నెవరును కారాగారమునకు పోలేదు. కొందరి శిక్షను నిలిపియుంచిరి, కొందరికి సంఘసేవను విధించిరి. బహ్రెయినులో నజా యూసుఫ్ అను స్త్రీ యే బాటమీదికిని పోలేదు. ఫేసుబుక్కులో ప్రభుత్వమును, ఆ పందెమును విమర్శించి వ్రాసెను. ఆమెను 2017 ఏప్రిలులో, పందెము జరిగిన నెలలోనే, పట్టుకొనిరి. చెరలో తన్ను కొట్టి అవమానించిరని యామె చెప్పినది. 2018 జూనులో మూడేండ్ల శిక్ష వేసిరి. శిక్షకు కారణము పందెపు విమర్శ కాదని ప్రభుత్వమువారు వాదించిరి. ఆమె నిర్బంధము అక్రమమని ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘము తేల్చెను. 2019 ఆగస్టులో రాజు క్షమించి విడిచెను. ఆమె చెరలో నుండిన కాలమున 2018, 2019 సంవత్సరముల పందెములు రెండును అచట జరిగినవి. మేము చెప్పిన పరీక్షలో ఆ దేశము నెగ్గినదో లేదో చదువరులే చెప్పవచ్చును.

పందెము ఆగినయెడల బీదవాని కూలి పోవుననియు వాదింతురు. హోటలు పనివారును, టాక్సీలు తోలువారును నష్టపడుదురు. వారిలో మనవారును ఉండవచ్చును. ఈ బాధను మేము చులకన చేయము. నిరాకరణ యనునది ఎల్లప్పుడు ఎవరికో ఒకరికి నష్టము కలిగించియే తీరును. ఆ నష్టమునకు జంకి ఊరకుండిన, అవతలివానికి కలుగు నష్టము మన లెక్కలోనికి రాదు, అంతియే భేదము.

దక్షిణాఫ్రికా సంగతి చూడుడు. 1860 మొదలు మద్రాసు రేవునుండి నాటాలు చెరకు తోటలకు ఓడలెక్కి పోయిన కూలీలలో తెలుగువారు అనేకులు. వారి మనుమలును మునిమనుమలును ఆ దేశమున వర్ణవివక్ష చట్టముల క్రింద నివాసమునకు వేరు పేట, చదువునకు వేరు బడి, రైలులో వేరు పెట్టె యని యేరివేయబడిరి. 1985 జూలైలో నల్లవారి ఆందోళనమును అణచుటకు ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. అక్టోబరు 18వ తేదిన బెంజమిను మొలోయిసీ యను నల్లజాతి కవిని, ఒక రక్షకభటుని హత్య విషయమై, అనేక దేశములవారు వలదని వేడుకొనుచుండగా, ఉరితీసిరి. మరునాడు జొహానెస్‌బర్గు సమీపమున కైలామీ బాటపై ఫార్ములా వన్ పందెము జరిగెను. ఫ్రెంచి ప్రభుత్వపు ఒత్తిడివలన రెనో, లిజియే యను రెండు జట్లు పోలేదు. మరికొన్ని జట్లకు సొమ్మిచ్చు కంపెనీలు కార్లమీదినుండి తమ పేర్లు మాత్రము తుడిపించుకొనిరి. కారు పరుగెత్తవలెను, పేరు కనబడరాదు! సిగ్గు కలదనుటకు అదియొక సాక్ష్యము. అంతకుమించి దానివలన ప్రయోజనము లేదు. ఆ తరువాత 1992 వరకు అచట ఆ పందెము జరుగలేదు.

నిరాకరించుట సాధ్యము కాదనువారికి టెన్నిసు ఆటనుండి యొక సంగతి జ్ఞాపకము చేసెదము. 1974లో భారతదేశపు జట్టు డేవిసు కప్పు తుది పోటీకి చేరెను. ఎదుటి పక్షము దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష ప్రభుత్వపు జట్టుతో ఆడరాదని మన ప్రభుత్వము నిశ్చయించెను. విజయ్ అమృతరాజునకు అప్పటికి ఇరువదేండ్లు. అతని అన్న ఆనందును ఆ జట్టులోనివాడే. ఆట లేకయే కప్పు దక్షిణాఫ్రికాకు పోయెను. మన దేశము 1966, 1974, 1987 సంవత్సరములలో మూడు మారులు తుది పోటీకి చేరినను ఆ కప్పును ఒక్కమారును గెలువలేదు. 1974లో ఆడియుండిన గెలిచెడివారేమో. మోటారు జట్లు కైలామీలో దిగునాటికి ఈ నిరాకరణము జరిగి పదునొకండేండ్లు.